బొమ్మ ట్రాక్టరు నేర్పిన పాఠం

బాలలారా! మీలో చాలామందికి రైలుబండి అంటే ఇష్టమని నాకు తెలుసు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేశాను. ఆఖరి పదేళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నాను. పాఠం మధ్యలో దూరాన రైలు కూత వినిపిస్తే తరగతిలో తలలన్నీ ఒక్కసారిగా కిటికీవైపు తిరగటం ఎన్నిసార్లు చూశానో! పైకి కోప్పడేవాణ్ణి గాని, నా చెవులూ అటే ఉండేవి.

ఇప్పుడు ఉద్యోగం చాలించుకుని, హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మేముండేది హైటెక్ సిటీ రైలు స్టేషనుకు దగ్గరలో, ఒక పెద్ద మేడలో తొమ్మిదో అంతస్తు. వరండాలో నిలబడితే ఒక వంక అద్దాల మేడలు కనిపిస్తాయి. రెండో వంక రైలు పట్టాలు కనిపిస్తాయి. ఈ రెంటిలో ఏది పెద్దదో చెప్పుకోండి చూద్దాం! మేడలే పెద్దవి అనకండి. వయసులో పట్టాలే పెద్దవి. ఇక్కడి కంప్యూటరు కార్యాలయాలకు మొదటిదనదగ్గ సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఊరి జనం రోజూ ఎక్కే ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు 2003లో వచ్చాయి. కాని ఈ దారిన రైలు పట్టాలు పడింది 1874లో! బొంబాయినుంచి మద్రాసుకు పోయే దారిలో వాడి అనే స్టేషను ఉంది. అక్కడినుంచి సికిందరాబాదు దాకా నైజాము వేయించిన మొదటి రైలుమార్గం ఇదే.

ఒకనాటి సాయంత్రం మా మనవరాలు వరండాలో నా పక్కన నిలబడి, "తాతయ్యా, ఈ మేడలు లేనప్పుడు రైలు దేని మధ్యనుంచి పోయేది?" అని అడిగింది. దానికి తొమ్మిదేళ్ళు.

"పొలాల మధ్యనుంచీ, బండరాళ్ళ మధ్యనుంచీను," అన్నాను.

"ఎలాటి పొలాలు? ఎవరు దున్నేవాళ్ళు? దేంతో దున్నేవాళ్ళు?"

బడిపంతులును ఎవరైనా ప్రశ్న అడిగితే ఊరుకుంటాడా? "మాటలతో చెప్పటం దేనికి? చేసి చూపిస్తాను," అన్నాను. అలా మొదలైంది మా బల్ల మీది రైలు కథ.

మా అబ్బాయి ఒకసారి పనిమీద జర్మనీ వెళ్ళి వస్తూ కూతురికి ఒక రైలు పెట్టె తెచ్చాడు. అందులో చిన్న ఇంజనూ, నాలుగు పెట్టెలూ, గుండ్రంగా అమర్చుకునే పట్టాలూ ఉన్నాయి. ఇది ఆషామాషీ బొమ్మ కాదు. అసలు రైలులో 87 అంగుళాలున్న ప్రతిదీ ఇందులో సరిగ్గా 1 అంగుళం ఉంటుంది. దీన్ని 1 కి 87 కొలమానం అంటారు. 5 అడుగుల 6 అంగుళాల మనిషి ఈ లోకంలోకి వస్తే 19 మిల్లీమీటర్ల పొడుగు ఉంటాడు. రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు, అంతే!

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. మన దేశపు పెద్ద లైను పట్టాల మధ్య వెడల్పు కూడా 5 అడుగుల 6 అంగుళాలే, అంటే 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87 చేత భాగిస్తే 19 చిల్లర వస్తుంది. కాని మా బల్ల మీది పట్టాల మధ్య వెడల్పు 16 న్నర మిల్లీమీటర్లే. ఎందుచేత? ఆ బొమ్మ చేసినవారి దేశంలో పట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు గనక. అంటే మా రైలు మన రైలు కంటె మూడు మిల్లీమీటర్లు ఇరుకన్నమాట. ఈ సంగతి మనవరాలికి చెప్పి, "ఇది మన రైలు ఆడే చిన్న అబద్ధం. మనకు తెలిసి ఆడేది గనక ఫరవాలేదు," అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో తరవాత పని పడుతుంది.

రైలు సరే, పొలం కావాలి. ఆరడుగుల చెక్క పలక తెచ్చి బల్ల మీద పరిచాము. కాగితపు ముద్దతో గట్లు పోశాము. ఈ ప్రాంతపు బండరాళ్ళు చాలా పాతవి. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకని రాళ్ళను మేము చేయలేదు. పక్కన మేడ కడుతున్న చోట పడివున్న రాతి పలుకులు ఏరి తెచ్చి పేర్చాము. మట్టి కూడా అక్కడిదే. పలచటి గుడ్డలో జల్లించి, జిగురు మీద చల్లాము. 250 కోట్ల ఏళ్ళ రాయి మా బల్ల మీద నిజంగానే ఉంది!

ఇక పొలంలో పనిముట్లు. మనవరాలి దగ్గర చిన్న ట్రాక్టరు బొమ్మలు రెండున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. నేను కొలబద్ద పెట్టి చూశాను. వెనక చక్రం 19 మిల్లీమీటర్లు. 87 చేత గుణిస్తే దాదాపు 5 న్నర అడుగులు! ఇవి ఈనాటి పెద్ద ట్రాక్టర్లకు బొమ్మలు. పైన కప్పు, అద్దాల గది, ముందు దీపాలు. పాత కాలానికి ఇవి పనికిరావు.

"వీటినే పాత ట్రాక్టర్లుగా మార్చుదామా?" అని అడిగాను.

అది కొంచెంసేపు ఆలోచించింది. "కోస్తే మళ్ళీ అతుక్కోవు గదా?" అంది.

"అతుక్కోవు."

"సరే, బాగా చేస్తానంటే కోయి," అంది. ఆ మాటతో నా మీద ఎంత బరువు పెట్టిందో దానికి తెలియదు.

నేను ముందు అసలు యంత్రాల సంగతి తెలుసుకున్నాను. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1917లో ఫోర్డ్‌సన్ అనే ట్రాక్టరును అమ్మకానికి తెచ్చాడు. ఆ రకం ఏడు లక్షలకు పైగా తయారైంది. దానికి రబ్బరు టైర్లు లేవు. ఇనుప చక్రాలు, వాటి అంచున నేలలో దిగబడే ఇనుప పళ్ళు! రోడ్డు మీద పోతే రోడ్డు పాడయ్యేది. గాలి టైర్లతో ట్రాక్టర్లు అమ్మటం 1932లో గాని మొదలు కాలేదు. తరవాత ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 మొదలు 1956 దాకా బూడిద రంగు ఫెర్గూసన్ ట్రాక్టర్లు అయిదు లక్షలకు మించి తయారయాయి. నాగలిని తాడుతో ఈడ్చకుండా, మూడు చోట్ల తగిలించి పైకీ కిందికీ ఎత్తే ఏర్పాటు వీటి గొప్ప. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరింది కూడా ఈ ఫెర్గూసన్‌ల మీదనే! మంచు మీద నడవటానికి ఆయన వాటి చక్రాలకు పట్టాలు తొడిగించాడు. చూశారా, ట్రాక్టర్లను మార్చే పనిలో నేను మొదటివాణ్ణి కాను.

ఎర్ర బొమ్మను ఫోర్డ్‌సన్ చేశాను. పైకప్పు కోసేశాను. పాత ట్రాక్టరు నడిపేవాడికి ఎండా వానా నెత్తిమీదే! పాడైపోయిన గోడగడియారంలోని పళ్ళచక్రాలు రెండు తీసి వెనక చక్రాలుగా అమర్చాను. గడియారపు పళ్ళే ఇనుప పళ్ళయాయి. పొగగొట్టానికి గుండుసూది, చేతిచక్రానికి సన్నని రాగితీగ చుట్ట, సీటుకు రేకు ముక్క. నీలం బొమ్మ ఫెర్గూసన్ అయింది. దాని వెనక చక్రం సుమారు 4 అడుగులు. మన కొలమానంలో 14 మిల్లీమీటర్లు. ఆ కొలతకు సరిపోయే నల్ల గుండీలు మా కోడలి కుట్టుపెట్టెలో దొరికాయి. బూడిద రంగు వేసి, అది ఆరాక చిక్కటి కాఫీ డికాక్షను అద్దితే అక్కడక్కడ తుప్పు పట్టినట్టు వచ్చింది.

(పిల్లలూ, కత్తీ రంపమూ పట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. బ్లేడును ఎప్పుడూ మీ చేతినుంచి బయటివైపుకే నడపాలి. నేను ఒకసారి లోపలివైపుకు నడిపి, ఎడమ బొటనవేలికి వారంరోజులు కట్టు కట్టుకున్నాను.)

రెండు ట్రాక్టర్లూ పొలంలో నిలబెట్టి, రైలు నడిపి, మేడలో ఉన్న పిల్లలందరినీ పిలిచాము. గోడ మీద "1968 వ సంవత్సరంలో మన ఊరు" అని అందంగా రాసి అంటించాను. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను బెత్తం లేని హెడ్మాస్టరులాగా నిలబడి, ఏది ఏమిటో వివరించసాగాను.

ఆ వేళ మా మేడ తోట చూసే పెద్దాయన పూలకుండీ తెచ్చి ఇవ్వటానికి పైకి వచ్చాడు. నా ఈడువాడే. కుండీ దింపి, బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. రైలును చూశాడు. రాళ్ళను చూశాడు. పొలం దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఏ ఊరు సారూ?" అన్నాడు.

"ఇదేనయ్యా, మనం ఉన్న చోటే. అరవై ఏళ్ళనాడు."

ఆయన మెల్లిగా నవ్వాడు. "గప్పుడు గీడ ట్రాక్టరు యాడిది సారూ? మా పొలం గా పట్టాల పక్కకే ఉండె. నాకు ఎర్కనే గద. ఎడ్లు ఉండె. మోట ఉండె. మా నాయన పొద్దుపొడవక ముందే మోట కొడుతుండె. గా రైలు చప్పుడు ఇని టైము ఎంతయిందో చెప్తుండె."

గది నిశ్శబ్దమైంది. మా మనవరాలు నావైపు తిరిగి, "తాతయ్యా, మరి ఇది మనకు తెలియకుండా ఆడిన అబద్ధమా?" అంది.

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఈ సంగతి ఇదివరకు ఎవరికీ చెప్పలేదు.

నేను గోదావరి కాలవల కింద పుట్టి పెరిగినవాణ్ణి. మా వైపు పొలానికి నీళ్ళు కాలవలో వాటంతట అవే వచ్చేవి. ట్రైనింగు కాలేజీలో చదువుకుని, మొదటి ఉద్యోగానికి ఒక మెట్ట ప్రాంతపు ఊరికి వెళ్ళాను. అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు. అర్ధసంవత్సర పరీక్షలో "మూడు వ్యవసాయ యంత్రాల పేర్లు రాయండి" అని ప్రశ్న ఇచ్చాను. పుస్తకంలో ఉన్న జవాబు: ట్రాక్టరు, పంపుసెట్టు, మందు చల్లే యంత్రం. ఒక కుర్రవాడు మాత్రం "గుంటక, గొర్రు, మోట" అని రాశాడు. నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

వాడు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మా ఇంట్లో ఉన్నవి ఇవేనండి," అన్నాడు.

"పుస్తకంలో ఉన్నది రాయాలి," అన్నాను నేను.

వాడు ఇంకేమీ అనలేదు. వెళ్ళి కూర్చున్నాడు. ఆ తరవాత నేను ఎప్పుడు ప్రశ్న అడిగినా వాడు చెయ్యి ఎత్తలేదు. తెలిసినదానినుంచి తెలియనిదానికి పిల్లవాణ్ణి నడిపించాలి అని ట్రైనింగు కాలేజీలో మాకు మొదటివారంలోనే నేర్పారు. నేను దాన్ని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కాని ఆ కుర్రవాడికి తెలిసినది ఏమిటో ఒక్కసారైనా అడగలేదు. నలభై ఏళ్ళ తరవాత, తొమ్మిదో అంతస్తులో, ఒక తోటమాలి నోట "మోట" అనే మాట వినగానే ఆ సున్నా నా కళ్ళముందు నిలబడింది.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి తోటలోకి వెళ్ళాను. "పెద్దాయనా, మోట ఎలా ఉంటుందో నాకు తెలియదు. చెబుతావా?" అని అడిగాను. ఆయన చేతిలో ఉన్న రబ్బరు గొట్టం కింద పెట్టి, వేప చెట్టు కింద కూచుని, పుల్లతో నేల మీద గీసి చూపించాడు. ఆయన చెప్పినదీ, నేను తరవాత తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

మోట అంటే బావిలోంచి ఎడ్లచేత నీళ్ళు తోడించే సాధనం. బావి ఒడ్డున రెండు గుంజలు పాతి, వాటి మధ్య గిలక అమర్చుతారు. తోలుతో చేసిన పెద్ద బొక్కెనకు కట్టిన మోకు ఆ గిలక మీదుగా వచ్చి ఎడ్ల కాడికి చేరుతుంది. బావి దగ్గరినుంచి నేల కిందికి వాలుగా దిగే దారి ఒకటి ఉంటుంది. ఎడ్లు ఆ వాలులో దిగుతుంటే బొక్కెన పైకి లేస్తుంది. ఎడ్లు ఎంత దూరం నడిస్తే బొక్కెన అంత పైకి వస్తుంది. అందుచేత బావి ఎంత లోతో దారీ సుమారుగా అంత పొడవు ఉండాలి. మరి వాలు దేనికి? ఎగువకు లాగటం కంటె దిగువకు దిగుతూ లాగటం తేలిక. ఎద్దు తన కండబలంతోపాటు ఒంటి బరువు కూడా పనిలో పెడుతుంది. తోలేవాడు కూడా దిగేటప్పుడు మోకు మీద కూచుంటాడు. అతని బరువూ కలిసివస్తుంది!

ఇంకొక చమత్కారం ఉంది. బొక్కెన అడుగున ఏనుగు తొండంలాగా ఒక తోలు గొట్టం ఉంటుంది. దానికి వేరే సన్నని తాడు. బొక్కెన పైకి వస్తున్నంతసేపూ ఆ తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది, నీళ్ళు కారవు. ఒడ్డుకు రాగానే తొండం తొట్టివైపు చాచుకుని, నీళ్ళన్నీ దానంతట అదే కుమ్మరిస్తుంది. ఎవరూ వంగి బొక్కెన వంచనక్కరలేదు. తరవాత ఎడ్లు వెనక్కి వెనక్కి నడిచి పైకి వస్తాయి, బొక్కెన మళ్ళీ బావిలోకి దిగుతుంది. పిల్లలూ, ఇది యంత్రం కాదంటారా? గిలక ఉంది, వాలుతలం ఉంది, దానంతట అదే పనిచేసే తూము ఉంది. నేను సున్నా వేసింది దీనికి!

"మరి ట్రాక్టరు సంగతి ఏమిటి?" అని అడిగాను.

"ట్రాక్టరు మేం చూసింది శానా ఎనకకు సారూ. గని నాకు పదేండ్లప్పుడు నూనె ఇంజను తెచ్చిండు మా నాయన. గదే మాకు పెద్ద మిషను. గది ఆగిపోతే మల్ల మోటనే," అన్నాడు.

నేను పరుగులాంటి నడకతో పైకి వచ్చి మనవరాలితో ఈ మాట చెప్పాను. "అయితే మన ట్రాక్టర్లను ఏం చేద్దాం?" అన్నాను. మొదటిసారి కోయటానికి ఒప్పుకున్నదే గొప్ప. రెండోసారి అడగటానికి నాకు మొహం చెల్లలేదు.

అది రెండు ట్రాక్టర్లనూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చివరికి ఫోర్డ్‌సన్‌ను నా చేతిలో పెట్టింది. "దీన్ని ఇంజను చేయి. ఫెర్గూసన్‌ను పారేయొద్దు. దాన్ని రైలెక్కిద్దాం. ఎక్కడో ట్రాక్టరు కొనుక్కున్నవాళ్ళ ఊరికి పోతోందనుకుందాం," అంది. నా ముప్ఫై ఏళ్ళ అనుభవానికి తోచని ఉపాయం అది! ఫెర్గూసన్ ఇప్పుడు గూడ్సుబండిలో, పైకప్పులేని పెట్టె మీద, దారాలతో కట్టివుంది. మా స్టేషనులో ఆగదు.

నూనె ఇంజను ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్ళో లిస్టర్ కంపెనీవారు 1930 ప్రాంతంలో ఒక నిదానపు డీజిలు ఇంజనును తయారుచేశారు. దానికి ఒకే సిలిండరు. అందులో 6 గుర్రాల బలం గల రకం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. అది ఎంత మొండిదంటే, ప్రపంచంలో ఎన్నో దేశాల పొలాల్లో ఏళ్ళ తరబడి పనిచేసింది. మన దేశంలో గుజరాతులోని రాజ్‌కోటులో అదే మాదిరి ఇంజనులు తరవాత విస్తారంగా తయారయాయి. పల్లెల్లో మోగిన డుగ్ డుగ్ చప్పుడు ఇలాటి ఇంజనులదే.

ఈ ఇంజనుకు రెండు పక్కలా రెండు పెద్ద బరువు చక్రాలుంటాయి. ఎందుకు? లోపల ముషలకం నాలుగుసార్లు కదిలితే, అంటే గాలి పీల్చి, నొక్కి, నూనె మండి, పొగ వదిలితే, ఒక వరస పూర్తవుతుంది. ఈ నాలుగింటిలో బలం పుట్టేది ఒక్కసారే, నూనె మండినప్పుడు. ఆ లోగా ఇంజను రెండు చుట్లు తిరగాలి. 650 చుట్లకు 325 దెబ్బలు మాత్రమే. మిగతా మూడు కదలికలకూ బలం ఎవరిస్తారు? ఆ బరువు చక్రాలే. మండినప్పుడు వచ్చిన ఊపును దాచుకుని, తరవాత అప్పిస్తాయి. ఇంజనును మొదలుపెట్టటానికి చేత్తో తిప్పాలి. అప్పుడు లోపలి గాలి అడ్డుపడకుండా ఒక మీట ఎత్తి పట్టుకుంటారు. చక్రం ఊపందుకోగానే మీట వదిలేస్తే, డుగ్! డుగ్! డుగ్!

బరువు చక్రం సుమారు రెండడుగులు. మన కొలమానంలో 7 మిల్లీమీటర్లు. ఫోర్డ్‌సన్ చేసినప్పుడు వదలకుండా ఉంచిన బొమ్మ ముందు చక్రాలు సరిగ్గా అంతే ఉన్నాయి! ట్రాక్టరు ముక్కును నిలువుగా నిలబెడితే సిలిండరు అయింది. రెండు పక్కలా ముందు చక్రాలు. పొగగొట్టం గుండుసూది మళ్ళీ పొగగొట్టమే. ఇంజనునుంచి పంపుకు తిరిగే పట్టీకి పాత పాటల కాసెట్టులోని టేపును నిలువుగా మూడు పాయలు చీల్చి ఒక పాయ తొడిగాను.

ఈసారి మాత్రం అతికించే ముందు కిందికి వెళ్ళి అడిగాను. "పెద్దాయనా, ఇంజను బావి ఒడ్డున ఎటు పక్క ఉండేది?"

"ఒడ్డున కాదు సారూ. బాయిల దించినం. నడిమిట్ల గట్టు తీసి, గండ్ల పెట్టినం."

అవును సుమా! తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో ఈ పాఠం. పంపు నీటిని పీల్చటమంటే, గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి నెట్టటం. ఆ ఒత్తిడి నీటిని నెట్టగలిగేది మహా అయితే 34 అడుగులు. అసలు పంపులు ఇరవై, ఇరవైఅయిదు అడుగుల కంటె లోతునుంచి పీల్చలేవు. ఆయన బావి 30 అడుగులు. అందుకే పంపు నీటికి దగ్గరగా దిగాలి. ఈ సూత్రం నేను పుస్తకంలో చదివాను. ఆయన తండ్రి బావిలో గట్టు తవ్వి తెలుసుకున్నాడు.

30 అడుగుల బావి మా లోకంలో పది సెంటీమీటర్ల పైచిలుకు. చెక్క పలకకు అంత మందం ఎక్కడిది? బల్ల అంచున రంధ్రం కోసి, ఒక రేకు డబ్బాను నిలువుగా సగం కోయించి కిందికి వేలాడదీశాము. కోసిన వైపునుంచి లోపలంతా కనిపిస్తుంది. నడుమ గట్టు, దాని మీద ఇంజను. పైన మోట. ఎడ్లను బంకమట్టితో చేశాను. మోకు కట్టింది మాత్రం పెద్దాయనే. నా ముడి చూసి, "గిట్ల కడితే బొక్కెన బాయిల పడ్తది," అని విప్పేసి, దారంతో అసలు ముడి వేశాడు. మొదట నేను పోసిన మన్ను కూడా తీయించి, వానకు కోసుకుపోయిన ఒక మూలనుంచి గుప్పెడు మన్ను తెచ్చి చల్లాడు. "గిది మా దిక్కు మన్ను," అన్నాడు. వాళ్ళ పొలం అమ్ముకుని చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అక్కడ ఏముందని నేను అడగలేదు. ఆయన వరండాలోంచి ఒకసారి అటు చూసి, కిందికి వెళ్ళిపోయాడు.

పొలంలో ఇప్పుడు గొర్రు కూడా ఉంది. గొర్రు పైన జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది. అందులో గింజలు పోస్తుంటే వెదురు గొట్టాల గుండా సాళ్ళలో వరసగా పడతాయి. ఇంగ్లండులో జెత్రో టల్ అనే ఆయన 1701లో విత్తనాలు వరసగా విత్తే యంత్రం చేశాడని పాఠాల్లో చదువుతాము. మంచిదే. మన రైతులు అంతకు ముందునుంచే గొర్రుతో వరసగా విత్తుతున్నారన్నది కూడా చదవాలి. ఇక్కడికి దగ్గరలోనే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు కూడా ఎడ్లు లాగే పనిముట్లను ఇంకా మెరుగుచేయటానికి ఏళ్ళ తరబడి శ్రమించారు. ఎద్దుతో పని నామోషీ అని వారు అనుకోలేదు.

ట్రాక్టరు గొప్ప యంత్రమే. ఎడ్ల మెడ మీది కాడినీ, మనిషి నడుం నొప్పినీ తగ్గించింది. దాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. అది రాకముందు ఇక్కడ ఏముండేదో అడగకుండా, దాన్ని తెచ్చి ఈ పొలంలో నిలబెట్టటమే నేను చేసిన తప్పు.

గోడ మీది కాగితం మార్చాను. "1968. ఈ పొలం దున్నినవారి కొడుకు చెప్పగా చేసినది" అని రాశాము. కింద ఇంకొక వరస మనవరాలు రాసింది: "తప్పులు: పట్టాలు 3 మిల్లీమీటర్లు ఇరుకు. ఇంజను జర్మనీది." తెలిసిన తప్పులన్నీ అలా రాసి ఉంచాలని దాని పట్టుదల. ఈ అలవాటు నాకు చిన్నప్పుడే ఉంటే ఎంత బాగుండేది!

ఆ మెట్ట ఊరి కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. యాభై దాటి ఉంటాడు. ఒకవేళ అతని పిల్లలో, మనవలో ఈ పత్రిక చదువుతుంటే, ఇంట్లో ఈ సంగతి చదివి వినిపించమని కోరుతున్నాను. గుంటక, గొర్రు, మోట: మూడుకు మూడు మార్కులు.

బాలలారా! మీకు రైలు పెట్టె లేకపోయినా ఫరవాలేదు. ఒక అట్టపెట్టె, కొంచెం మట్టి, పాత గుండీలు చాలు. మీ ఇల్లు ఉన్న చోట యాభై ఏళ్ళనాడు ఏముండేదో చేసి చూడండి. అయితే మొదలుపెట్టే ముందు మీ తాతనో, అమ్మమ్మనో, వీధి చివర కూరలమ్మే అవ్వనో, మీ మేడకు కాపలా ఉండే పెద్దాయననో అడగండి. జిగురు పూయకముందే అడగండి. అతికాక విడదీయటం చాలా కష్టం, నాకు తెలుసు.

ఇప్పుడు మేడలోని పిల్లలు వస్తే రైలును చూసి ఊరుకోరు. ఒక్కొక్కరే బల్ల అంచున మోకాళ్ళ మీద కూచుని, టార్చిలైటు వేసి, బావిలోకి తొంగిచూస్తారు. "డుగ్ డుగ్" అని నోటితో చప్పుడు చేస్తారు. వారికి మోట సంగతి వివరించేది నేను కాదు. సాయంత్రం నీళ్ళు పెట్టటం అయిపోయాక పెద్దాయన పైకి వస్తాడు. నేను వెనక వరసలో కూచుని వింటాను.